త్రుప్పు: దాని పుట్టుక, దాని కట్టడి



గ్రామములలో పెద్దలనిపించుకొన్నవారి యెదుట నేడు త్రుప్పును గూర్చి మాటలాడబూనితిని. ఇదేమి విషయము, మాకు తెలియనిదా యని మీరు నవ్వవచ్చును. నిజమే, త్రుప్పు నెఱుగని సంసారి లేడు. కొడవలికి పట్టును, గునపమునకు పట్టును, నూతి గిలకకు పట్టును, తలుపు గొళ్లెమునకు పట్టును. వానకాలము వెళ్లునప్పటికి అటుకమీది నాగలికఱ్ఱు ఎఱ్ఱబడి యుండును. చూచి చూచి మనకు దానియందు వింత పోయినది. వింత పోయిన వస్తువును గూర్చి విచారణ చేయువారు అరుదు. కాని ఈ విచారణ పెద్ద పెద్ద దేశములలో పెద్ద పెద్ద పరిశోధనాలయములలో జరుగుచున్నది. 2016వ సంవత్సరమున వెలువడిన యొక అంతర్జాతీయ నివేదికలో, లోహక్షయమువలన ప్రపంచమునకు ఏటేట కలుగు నష్టము రెండున్నర లక్షల కోట్ల డాలర్లని లెక్కగట్టిరి. అనగా లోకమంతయు ఏడాదికి సంపాదించు నూఱు రూపాయలలో 3 రూపాయల 40 పైసలు త్రుప్పు పాలగుచున్నవి. ఇప్పటికే తెలిసిన ఉపాయములను శ్రద్ధగా పాటించినచో ఈ నష్టములో నూటికి 15 మొదలు 35 వంతుల వఱకు తప్పించుకొనవచ్చునని కూడ ఆ నివేదికయే చెప్పినది. ఆ ఉపాయములలో మన యింటికి, మన యూరికి పనికివచ్చునవి యేవో చూతము.

మాది రోలుగుంట. 2022 వఱకు విశాఖపట్టణపు జిల్లా, అటుపిమ్మట అనకాపల్లి జిల్లా. చోడవరపు సీమలో చెఱకు, బెల్లము ప్రధానములు గనుక ఇనుప పెనముతో మావారికి తరతరముల పరిచయము. చెఱకురసమునకు సహజముగనే కొంచెము ఆమ్లగుణము కలదు. ఆమ్లము ఇనుమును తినును. రసమున సున్నము కలుపుటచే బెల్లమునకు గట్టిదన మేర్పడుటయే కాక ఆ ఆమ్లగుణము తగ్గును, పెనమునకు కూడ మేలు కలుగును. గానుగాట ముగిసిన పిదప మా పెద్దలు పెనమును కడిగి, ఎండబెట్టి, నూనె పూసి, బోర్లించి దాచెడివారు. ఎందుకని యడిగిన, ఆచారమనెడివారు. ఆ యాచారము నిండ శాస్త్రమున్నది.

ముందుగా త్రుప్పన నేమో తెలియవలెను. ఇనుము చచ్చి మన్నగుటయే త్రుప్పు. కొండలలో దొరకు ఇనుపరాయి యేదియో, త్రుప్పు నించుమించుగ అదియే. మనిషి ఆ రాతిని కొలిమిలో పెట్టి, బొగ్గు పోసి, తిత్తులూది, దానిలోని ఆమ్లజనిని వెడలగొట్టి ఇనుమును రాబట్టినాడు. నేటి పిల్లలు ఆక్సిజనని చదువుకొనునది ఈ ఆమ్లజనియే. బలవంతముగ పుట్టింటినుండి తెచ్చిన కోడలివలె ఇనుము ఎప్పటికప్పుడు ఆ ఆమ్లజనిని వెదకికొని తిరిగి రాయి కాజూచును. బంగారమున కీ తొందర లేదు. అది భూమిలోనే బంగారముగ దొరకును, బంగారముగనే యుండును.

పాఠశాలలో నేను పిల్లలకు మూడు సీసాల పరీక్ష చేసి చూపుచుండెడివాడను. మీరును చేసి చూడవచ్చును, ఖర్చు లేదు. మొదటి సీసాలో కొంచెము నీరు పోసి, సగము మునుగునట్లు ఒక మేకు వేసి, మూతి తెఱచి యుంచవలెను. రెండవ సీసాలో బాగుగ మఱగకాచిన నీరు నిండుగ పోసి, మేకు వేసి, పైన నూనె పొర పోయవలెను. కాచుటచే నీటిలో కలసియున్న గాలి పోవును. నూనె క్రొత్తగాలిని రానీయదు. మూడవ సీసాలో నీరు లేకుండ తడియారిన మేకు వేసి, గుడ్డమూటలో పొడిసున్నపు రాతిముక్కలు వ్రేలాడగట్టి, మూత బిగించి మైనముతో మెత్తవలెను. ఆ సున్నము లోపలి తేమను పీల్చును. వారము దినములైన పిమ్మట చూచిన మొదటి మేకే త్రుప్పుపట్టి యుండును. రెండవదానికి నీరున్నది, గాలి లేదు. మూడవదానికి గాలియున్నది, నీరు లేదు. రెండును కూడినగాని త్రుప్పు పుట్టదు. ఇంకొక విశేషము: మొదటి సీసాలోని మేకునకు తలయొద్దను, మొనయొద్దను త్రుప్పు మున్ముందుగ కనబడుట కలదు. ఏలయన మేకును చేయునపుడు సమ్మెటదెబ్బ తగిలినచోట్లు అవియే. దెబ్బతిన్న ఇనుములో లోలోపల బిగువు మిగిలిపోవును. ఆ బిగువున్న భాగము ముందుగా లొంగును.

నీరనగా కంటికి కనబడు నీరే కానక్కఱలేదు. గాలిలో తేమ నూటికి సుమారు 60 పాళ్లు దాటినచో మురికిపడిన ఇనుముమీద కంటికి కనబడని నీటిపొర యేర్పడును. అందు ఉప్పు చేరినచో పని మఱింత చుఱుకగును. సముద్రపుటొడ్డున విశాఖపట్టణములో కిటికీ చువ్వలు త్వరగా చెడుటకు, మెట్టప్రాంతమున అంత త్వరగా చెడకుండుటకు ఇదియే కారణము. ఆ పట్టణపు సాగరతీరమున 2002 నుండి కురుసుర యను జలాంతర్గామి నౌకను ప్రదర్శనశాలగా నిలిపినారు. 1969లో మన నౌకాదళమున చేరి 2001లో విశ్రాంతి పొందిన నౌక యది. సముద్రగర్భమున 31 సంవత్సరములు తిరిగిన యా నౌకకు ఒడ్డుకు వచ్చిన తరువాతను ఉప్పుగాలినుండి విశ్రాంతి లేదు. రంగులు, మరమ్మతులు తప్పవు.

ఉప్పు ఏల ఇంత పని చేయుచున్నదనిన, త్రుప్పు పట్టుటయన్నది లోపల ఒక చిన్న విద్యుత్ వ్యాపారము. టార్చిలైటులో వేయు ఘటమును చూడుడు. దాని పై తొడుగు తుత్తునాగము, అనగా జింకు. ఆ జింకు తనను తాను కరగించుకొని దీపమును వెలిగించును. అందుచేతనే పాతబడిన ఘటము చిల్లిపడి కారును. ఇనుముమీది తడిచుక్క ప్రతిదియు ఇట్టి యొక బుల్లి ఘటము. ఇంగ్లండులో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమున యూలిక్ ఎవాన్సు అను శాస్త్రవేత్త గడచిన శతాబ్దపు మూడవ దశకమున ఒక్క ఉప్పునీటిచుక్కను ఇనుపరేకుమీద వేసి శ్రద్ధగా పరిశీలించినాడు. చుక్క యంచున గాలి బాగుగ తగులును, నడుమ తగులదు. మన మేమనుకొందుము? గాలి తగిలిన యంచుననే ఇనుము చెడుననుకొందుము. జరిగిన దందుకు విరుద్ధము. గాలి తగిలిన యంచు చెక్కుచెదరలేదు. గాలి యందని నడిభాగమే కరగి గుంటపడినది. కరగిన ఇనుము నీటిలో నడచి గాలియున్న యంచును సమీపించినచోట ఎఱ్ఱని వలయముగ పేరుకొనెను. అనగా త్రుప్పు కనబడుచోటు వేఱు, ఇనుము నష్టపడుచోటు వేఱు.

ఈ యొక్క సూత్రము తెలిసిన గృహస్థునకు ఎన్నో సంగతులు విశదమగును. కఱ్ఱుమీద బురదకట్టి యెండినచో బురదక్రిందనే గుంటలేల పడుచున్నవి? పాతిన ఇనుపస్తంభము నేలమట్టమునొద్దనే ఏల సన్నబడి విరుగుచున్నది? మఱక్రింద, రేకుల యతుకులలో, రంగు పొక్కినచోట పొక్కుక్రింద ఏల తినివేయబడుచున్నది? అన్నింటికి నొకటే సమాధానము: అచ్చట తడి నిలుచును, గాలి అందదు. కావున పనిముట్టును వాడిన వెంటనే కడిగి, ఎండబెట్టి, నూనె గుడ్డతో తుడిచి పెట్టవలెను. ఎరువుల సంచులకు ఆనించి పనిముట్లు పెట్టరాదు. పొటాషు ఎరువు ఉప్పునకు అన్నదమ్ముడే. గాలిలోని తేమను పీల్చి ఇనుముమీదికి చేర్చును. పురుగుమందు చల్లు యంత్రమును కడుగక మూలబెట్టువాడు ఏటేట క్రొత్తయంత్రము కొనక తప్పదు.

మన పూర్వులు ఈ విషయమున ఏమియు తెలియనివారు కారు. రసార్ణవమను రసతంత్రగ్రంథమున ఆఱు లోహములను బంగారము, వెండి, రాగి, ఇనుము, తగరము, సీసము అను వరుసలో చెప్పి, ముందుముందున్నది క్షయమునకు లొంగనిదని నిర్ణయించిరి. ప్రఫుల్లచంద్ర రాయిగారు హిందూ రసాయనశాస్త్ర చరిత్రమున దీనిని లోకమునకు ఎత్తిచూపిరి. నేటి విద్యుత్ రసాయనశాస్త్రములోను లోహములకు ఇట్టి వరుసయే కలదు. బంగారము, వెండి, రాగి యను మొదటి మూడును అట్లే యున్నవి. తరువాతివి మాత్రము సరిపోవు. ఇనుము, తగరము సీసములకు క్రిందికి జాఱును. ఉన్నదానిని ఉన్నట్లు చెప్పుటయే పూర్వులకు గౌరవము గాని, అన్నియు మనవారికి తెలియునని గొప్పలు పోవుట గౌరవము కాదు. వైద్యమున మండూరమని ఇనుపకిట్టమును పుటముపెట్టి పాండురోగమునకు వాడుటయు, కరక్కాయ కషాయమున అన్నభేది కలిపి నల్లసిరా చేయుటయు మీరెఱిగినవే. కరక్కాయలోని వగరుసారము ఇనుముతో కూడి నల్లని గట్టిపొర యగును. నేడు త్రుప్పుమీదనే పూయుటకు అంగళ్లలో అమ్ము కొన్ని నల్లని మందులలో పనిచేయునది ఈ వగరుసారమే.

ఢిల్లీలోని ఇనుపస్తంభము మాట చెప్పకున్నచో ఈ ప్రసంగము వెలితి. ఏడు మీటర్ల పొడవు, ఆఱు టన్నుల బరువు కల యా స్తంభము గుప్తులకాలమునాటిది. పదునాఱు వందల యేండ్లుగా ఎండకు, వానకు నిలిచినది. దాని రహస్యమును కాన్పూరు ఐ.ఐ.టి.లో ఆచార్యులుగా నుండిన ఆర్. బాలసుబ్రహ్మణ్యముగారు పరిశోధించి చెప్పిరి. ఆనాటి ఇనుములో భాస్వరము హెచ్చు. త్రుప్పు మొదలైన తరువాత ఆ భాస్వరమువలన పైన ఒక పలుచని గట్టిపొర యేర్పడి, లోపలికి తడిని, గాలిని పోనీయదు. అనగా ఆ స్తంభము త్రుప్పుపట్టనిది కాదు. త్రుప్పునే కవచముగా తొడిగికొన్నది. ఢిల్లీ పొడిగాలియు దానికి తోడు. మట్టిలో పాతిన భాగమునకు త్రుప్పు తప్పలేదు. నేటి ఉక్కులో భాస్వరమును కావలెననియే తీసివేయుదురు. అది లోహమును పెళుసు చేయును.

ఇక కట్టడి ఉపాయములు. మొదటిది పూత. నూనె, తారు, రంగు, ఇవన్నియు గాలిని, తడిని దూరముగ నుంచునవి. రాజమహేంద్రవరమున గోదావరిమీది పాత రైలువంతెన 1900లో తెఱవబడి 1997 వఱకు బండ్లను మోసినది. ఎప్పటికప్పుడు పడిన రంగు లేనిచో అంతకాలము నిలుచునా? పూర్వము మొదటిపూతగా సీసపు సిందూరము వేసెడివారు. అది విషము గనుక నేడు వర్జనీయము; జింకు కలిసిన మొదటిపూతలు వచ్చినవి. ఏ రంగైనను పాతత్రుప్పును గీకి తీయక పైపైన వేసిన వ్యర్థము. లోపలి తడి లోపలనే పనిచేయును.

రెండవది లోహముమీద లోహపుపూత. ఇందొక సూక్ష్మము కలదు. డబ్బారేకునకు తగరము పూయుదురు, బకెట్టునకు జింకు పూయుదురు. రెండును తళతళలాడును. గీతపడినప్పుడు గాని భేదము తెలియదు. తగరము ఇనుముకంటె నెమ్మదియైనది. గీతపడినచో తాను సుఖముగ నుండి ఇనుమును ముందుకు త్రోయును, ఆ డబ్బా త్వరలో చిల్లిపడును. జింకు ఇనుముకంటె తొందరయైనది. గీతపడినచోట తాను ముందుగ కరగి ఇనుమును కాపాడును. తానున్నంతవఱకు యజమానికి దెబ్బ తగులనీయని సేవకునివంటిది జింకు. ఈ జింకుపూత పద్ధతికి ఫ్రాన్సు దేశస్థుడైన సోరెల్ 1837లో హక్కు పొందెను. విశాఖపట్టణమున 1977 మొదలు 2012 వఱకు జింకును కరగించు కర్మాగారమే యుండెడిది. ఇత్తడిగిన్నెలకు కళాయివాడు నవాసాగరము చల్లి పూయు తగరము సంగతి వేఱు. అది గిన్నెను కాపాడుటకు కాదు. చింతపండు, మజ్జిగలకు రాగి సోకి చిలుము మన కడుపులోనికి పోకుండుటకు.

జింకు చేయు నీ త్యాగము నౌకలకును పనికివచ్చును. 1824లో సర్ హంఫ్రీ డేవీ ఇంగ్లీషు యుద్ధనౌకల రాగితొడుగులు సముద్రములో చెడకుండ వానికి జింకుముక్కలను, ఇనుపముక్కలను తగిలించెను. రాగి చెడుట ఆగినది. కాని రాగి కరగుట ఆగగానే, అంతవఱకు ఆ రాగివిషమునకు జడిసి దూరముగ నున్న నత్తలు, నాచు వచ్చి నౌకనంటుకొని దాని వేగము తగ్గించినవి! శాస్త్రము గెలిచినది, నౌక యోడినది. ఐనను ఆ సూత్రము చెడలేదు. నేటి ఉక్కునౌకల యడుగున జింకుదిమ్మలను బిగించి, అవి కరగిపోయినప్పుడెల్ల క్రొత్తవి వేయుదురు.

మూడవది లోహమునే మార్చుట. 1913లో షెఫీల్డు నగరమున హ్యారీ బ్రియర్లీ అనునతడు ఉక్కులో నూటికి పండ్రెండు, పదుమూడు పాళ్లు క్రోమియము కలిపి త్రుప్పుపట్టని ఉక్కును చేసెను. మన యిండ్లలో స్టీలుగిన్నె లనునవి ఆ జాతివే. క్రోమియము గాలితో కూడి కంటికి కనబడని పొరయై కాపాడును, గీతపడిన వెంటనే తిరిగి పుట్టును. ఉప్పు దీనికిని శత్రువే. ఊరగాయను స్టీలుడబ్బాలో నెలల తరబడి నిలువచేసినచో సూదిగ్రుచ్చినట్లు గుంటలుపడుట మీ యింటి స్త్రీలు చూచియే యుందురు. ఆవకాయకు జాడీయే సరి.

ఈ విద్యకై మన దేశమున ప్రత్యేకమొక సంస్థ కలదు. తమిళనాట కారైకుడిలో అళగప్ప చెట్టియారుగారు 300 ఎకరముల నేలయు 15 లక్షల రూప్యములును ఇయ్యగా, 1948 జూలై 25వ తేదీన నెహ్రూగారు కేంద్ర విద్యుత్ రసాయన పరిశోధనాలయమునకు శంకుస్థాపన చేసిరి. 1953 జనవరి 14న దానిని ప్రారంభించినవారు మన ఆంధ్ర విశ్వకళాపరిషత్తునకు పూర్వము ఉపాధ్యక్షులుగ నుండిన సర్వేపల్లి రాధాకృష్ణయ్యగారు. అచ్చటివారు వివిధ లోహపు రేకులను తూచి, మండపమువంటి సముద్రతీరములయందు ఎండకు, గాలికి విడిచి, కొంతకాలమునకు తిరిగి తూచి, ఏ చోట ఎంత క్షయించెనో లెక్కవేసిరి. దేశమంతటికి లోహక్షయపటమును తయారుచేసిరి. ఆ మండపమున కెదుటనే పాంబను వంతెన. 1914లో కట్టిన యా రైలువంతెనపై త్రుప్పు కారణమున 2022 డిసెంబరులో రాకపోకలు నిలిపివేసిరి; 2025 ఏప్రిలులో ప్రక్కనే క్రొత్తదానిని తెఱచిరి.

త్రుప్పన్నది ధననష్టము మాత్రమే యనుకొనువారు నగరము గ్రామమును తలచుకొనవలెను. కోనసీమలోని యా యూరిమీదుగా తాటిపాకనుండి కొండపల్లికి పోవు వాయుగొట్టము 2014 జూన్ 27వ తేదీ తెల్లవారుజామున చిల్లిపడి, వెలువడిన వాయువు అంటుకొని, ఇరువదిమందికి పైగా ప్రాణములు కోల్పోయిరి. ఇండ్లు, కొబ్బరిచెట్లు మాడిపోయినవి. విచారణలో తేలినదేమనగా, పొడివాయువునకై వేసిన గొట్టములో తేమతో కూడిన వాయువు పోయినది. ఆ నీరు లోపల నిలిచి గొట్టమును లోపలినుండి తినివేసినది. పైన చూచువానికి గొట్టము గొట్టమువలెనే యుండును. ఇంటిదొంగ నీశ్వరుడైనను పట్టజాలడన్న సామెత ఇట్టి త్రుప్పునకు చక్కగా తగును. భూమిలోని గొట్టములకు పైపూతయు, త్రుప్పునకు ఎదురుగ పంపు విద్యుత్ప్రవాహమును కలవు. కాని అవి పైభాగమునే కాపాడును. లోపలిదానిని లోపలికి యంత్రమును పంపియే పరీక్షింపవలెను.

అట్టి ఇంటిదొంగ మన యూళ్లలోను కలడు. శ్లాబులో దాగిన ఇనుపచువ్వకు పట్టు త్రుప్పు అదియే. సిమెంటు క్షారగుణము కలది. ఆ క్షారములో నున్నంతకాలము చువ్వకు భయము లేదు. కాని కాలక్రమమున గాలిలోని బొగ్గుపులుసువాయువు కాంక్రీటులోనికి ఇంకి క్షారమును చంపును. ఉప్పునీటితో, ఉప్పుటిసుకతో కట్టినచో అంతకాలము కూడ పట్టదు. త్రుప్పు తాను పుట్టిన ఇనుముకంటె రెండు మొదలు ఆఱు రెట్లు చోటు కోరును. చోటు లేక కాంక్రీటును చీల్చును, పెచ్చులూడును. నేను పనిచేసిన పాఠశాలలలో నొకదానియందు వసారా శ్లాబుపెచ్చు పిల్లలు లేని వేళ ఊడిపడినది. చూడగా చువ్వ శ్లాబు అడుగునకు ఆనియే యున్నది. దానిక్రింద కాంక్రీటు గోరంత లేదు.

కావున ఇల్లు గాని, బడి గాని, నీటితొట్టి గాని కట్టించునపుడు పెద్దలు దగ్గఱ నిలిచి చూడవలసినవి కలవు. శ్లాబులో చువ్వక్రింద వ్రేలెడు మందము, స్తంభములలో చువ్వచుట్టును రెండు వ్రేళ్ల మందము కాంక్రీటు ఉండవలెను. అందుకై చువ్వలక్రింద సిమెంటుబిళ్లలు పెట్టుదురు, రాతిముక్కలు పెట్టనీయరాదు. కలుపునీరు త్రాగదగినదై యుండవలెను. పోసిన తరువాత వారము దినములకు తక్కువ కాకుండ తడుపవలెను. పని సులువగునని తాపీవారు నీరు ఎక్కువ పోయుదురు. ఆ నీరు ఎండిపోయిన దారులే రేపు త్రుప్పునకు రాచబాటలు.

చేతిబోరింగు విషయమొకటి. ప్రొద్దుటిపూట మొదటి బిందె ఎఱ్ఱగ వచ్చి, కొంతసేపు కొట్టినపిమ్మట తెల్లని నీరు వచ్చినచో, ఎఱుపు భూమిలోనిది కాదు, రాత్రియంతయు నిలిచిన గొట్టముది. నీటికి ఆమ్లగుణమున్నచోట జింకుపూత గొట్టములు నిలువవు. వానిని తీసి ప్లాస్టిక్కు గొట్టములనో, స్టీలు గొట్టములనో వేయింపవలెను. రోజంతయు ఎఱ్ఱగనే వచ్చినచో ఆ నీటిలోనే ఇనుమున్నదేమో పరీక్ష చేయింపవలెను.

ఎత్తైన నీటితొట్టెలను, పాతబడిన శ్లాబులను ఏడాదికొకసారి, వానలు వెలిసిన తరువాత చూడుడు. చువ్వ పోవు జాడనే సన్నని బీట కనబడినచో, అందుండి త్రుప్పునీరు చారికలు కట్టినచో లోపల పని మొదలైనదని యెఱుగవలెను. చిన్న సుత్తితో మెల్లగ తట్టి వినుడు. గట్టి కాంక్రీటు ఖంగున పలుకును. విడిపోయినచోట కుండపెంకును తట్టినట్లు డొల్లగ పలుకును. అట్లు పలికినచోట సుద్దతో గుర్తుపెట్టి, దానిక్రింద పిల్లలను కూర్చుండనీయక, పంచాయతీ ఇంజనీరును పిలిపించి చూపుడు. సెలవు.